పాప పాదాలు – భార్య కడుపుతో ఉండగా గల్ఫ్‌లో ఉన్న అన్నదమ్ముల కోసం

ఈ పోస్టు కొంచెం పొడుగ్గానే ఉంటది. డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, తిని, మంచం మీద ఒరిగినాక తీరిగ్గా చదవండి. ఇప్పుడు టైం లేకుంటే సేవ్ చేసి పెట్టుకోండి. ఇంట్లో కడుపుతో ఉన్న భార్యో, చెల్లెలో, వదినో ఉన్నవాళ్ళు మాత్రం తప్పకుండా చదవండి.

ఇందులో "మేము" అంటే మేమిద్దరం. ఒకరు దుబాయిలో సైటు మీద, ఒకరు జగిత్యాల దగ్గర ఊర్లో. ఆమె ఫోన్‌లో చెప్తుంటే ఇక్కడ టైపు అవుతున్నది. ఆమె ఒద్దన్నవి తీసేశాం. పదో తరగతి వరకే చదువు, అక్షరం తప్పులుంటే సర్దుకొని చదవండి.

ఎందుకు రాస్తున్నామంటే, మన క్యాంపుల్లో కొడుకు పుడితే స్వీట్ డబ్బా తిరుగుతది, బిడ్డ పుడితే కూడా తిరుగుతది. పుట్టిన బిడ్డకు ఏదైనా లోపం ఉంటే మాత్రం ఎవరూ నోరు తెరవరు. గోడ వైపు తిరిగి పడుకుంటారు. అడిగితే "ఏం లేదన్నా, తలనొప్పి" అంటారు. ఆ మౌనంలోనే ముఖ్యమైన మొదటి వారాలు పోతాయి.

మా బిడ్డ 2018 ఏప్రిల్‌లో పుట్టింది. రెండో కాన్పు. సర్కారు దవాఖానలో నార్మల్ డెలివరీ. అప్పుడు మన దగ్గర కేసీఆర్ కిట్ ఇస్తుండేవారు, ఆడపిల్ల అయితే పదమూడు వేలు. ఇంట్లో అందరూ లక్ష్మి పుట్టిందన్నారు. దుబాయి నుంచి ఇమోలో ఫోన్ చేస్తే బిడ్డ ముఖం చూపించారు. మంచిగా, తెల్లగా, నిండుగా ఉంది. మెడ కింద నుంచి అంతా టవల్‌లో చుట్టి ఉంది.

రెండో రోజూ ముఖమే. మూడో రోజూ ముఖమే. "కాళ్ళు చూపియ్యే, చేతులు చూపియ్యే" అంటే "పండుకున్నది, లేస్తది" అనేవారు. నాలుగో రోజు ఇంటికి వచ్చినాక, అందరూ బయటికి పోయినప్పుడు, ఆమే టవల్ తీసి ఫోన్ కాళ్ళ దగ్గర పెట్టింది. రెండు పాదాలూ లోపలికి తిరిగి ఉన్నాయి. అరికాళ్ళు ఒకదానికొకటి ఎదురుగా, మడమలు పైకి గుంజినట్టు. చెక్క బొమ్మకు పాదాలు తప్పు బిగించినట్టు. మేము ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. ఇటు సైటు నుంచి వచ్చిన బట్టలు, అటు పచ్చి బాలింత. ఫోన్ అట్లనే నడుస్తున్నది, నెట్ కట్ అయ్యేదాకా.

ఇంగ్లీషులో దీన్ని క్లబ్‌ఫుట్ అంటారు. మన దగ్గర వంకర పాదాలు, తిరుగుడు కాళ్ళు అంటారు. వెయ్యి మంది పిల్లల్లో ఒకరిద్దరికి వచ్చే లోపం. మగపిల్లలకు ఎక్కువ, ఆడపిల్లలకు కొంచెం తక్కువ. సగం మందికి రెండు పాదాలకూ ఉంటది. ఇవన్నీ మాకు తర్వాత తెలిసినయి. అప్పుడు మాకు వినపడ్డది ఒకటే: "గ్రహణం."

2018 జనవరి 31న సంపూర్ణ చంద్రగ్రహణం పట్టింది, మీకు యాదికి ఉండే ఉంటది. అప్పటికి ఆమెకు ఏడో నెల. ఆ సాయంత్రం వాకిట్లో ఆరేసిన బట్టలు తీయడానికి బయటికి వచ్చిందట. వచ్చి, కాళ్ళు ముడుచుకొని గడప మీద కూర్చుందట. చూసినవాళ్ళు ఉన్నారట. ఇంక అంతే. పిల్లల నాయనమ్మ ఒక్కరోజు కూడా గట్టిగా తిట్టలేదు, అది నిజం చెప్పాలి. కానీ వచ్చినవాళ్ళందరికీ "చెప్తే ఇనకపాయె, గడప మీద కూసున్నది" అని చెప్పుకునేది. వచ్చినవాళ్ళు బిడ్డ కాళ్ళు చూసి, తల్లి ముఖం చూసి పోయేవారు. "ఆడపిల్లాయె, రేపు పెండ్లెట్ల?" అని ఒకామె అన్నది. బిడ్డకు అప్పటికి ఆరు రోజులు.

సలహాలు మస్తు వచ్చినయి. నూనె పెట్టి రోజూ గట్టిగా గుంజితే సర్దుకుంటదని ఒకరు. ఎముకలు కట్టే ఆయన దగ్గరికి తీసుకపోదామని ఒకరు. ఒక ప్రైవేటు దవాఖానలో చూపిస్తే, అక్కడి డాక్టరు ఏడాది నిండినాక పెద్ద ఆపరేషన్ చేయాలి, రెండు లక్షల దాకా అయితది, అప్పటిదాకా ఆగండి అన్నాడు. ఏడాది ఆగమంటే మాకు కొంచెం ఊపిరి పీల్చుకున్నట్టే అయింది. రెండు లక్షలు జమ చేయడానికి ఏడాది దొరికింది అనుకున్నాం. నూటికి రెండు రూపాయల వడ్డీకి ఎవరిస్తారో లెక్కలు కూడా మొదలుపెట్టాం.

ఆ లెక్క ఆపింది మా ఊరి ఆశ వర్కర్. బాలింతను చూడడానికి వచ్చి, బిడ్డ పాదాలు చూసి, "ఏడాది ఎందుకాగాలె? ఈ వారమే పోవాలె" అన్నది. పుట్టుకతో వచ్చే లోపాలు ఉన్న పిల్లల కోసం సర్కారు పథకం ఉంది, పేరు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, 2013లో మొదలైంది. ఆర్బీఎస్‌కే అంటే దవాఖానల్లో అందరికీ తెలుసు. అందులో వంకర పాదాలు, గ్రహణ మొర్రి, గుండెలో రంధ్రం, పుట్టు చెవుడు, కంటి శుక్లం, వెన్నుపూస లోపం అన్నీ ఉన్నాయి. ఆమె కాగితం రాయించి ఇచ్చింది. పదమూడో రోజు బిడ్డను కరీంనగర్ తీసుకపోయారు.

అక్కడి ఎముకల డాక్టరు ముందుగా బిడ్డ వెన్ను చూశాడు, తుంటి కీళ్ళు చూశాడు, ఇంకే లోపం లేదన్నాడు. తర్వాత "పాత కాగితాలు ఉన్నాయా?" అన్నాడు. ఆమె కవరు మొత్తం ఇచ్చింది. అందులో ఐదో నెలలో బయట చేయించిన టిఫా స్కాన్ రిపోర్టు ఉంది. డాక్టరు దాన్ని తిరగేసి, ఒక లైను మీద వేలు పెట్టి, "ఇది మీకు ఎవరూ చెప్పలేదా?" అని అడిగాడు.

నాలుగు ఇంగ్లీషు అక్షరాలు. సీటీఈవీ. వంకర పాదాలకు వాళ్ళు రాసే పేరు అదే. రిపోర్టు మీద తేదీ 2017 డిసెంబరు. స్కాన్ చేసినచోట "అంతా మంచిగుంది, పోండి" అని కవరు చేతికిచ్చారు. ఆ కవరు నాలుగు నెలలు మా బీరువాలోనే ఉంది.

కోపం రాలేదా అంటే వచ్చింది. కానీ అదే కాగితం మాకు ఇంకో పని చేసింది. రిపోర్టు డిసెంబరుది. గ్రహణం జనవరిలో. గ్రహణం పట్టక ముందే పాదాలు తిరిగి ఉన్నాయి. ఆమె ఇంటికి వచ్చి ఆ కాగితం ఎవరికీ చూపించలేదు, వాదన పెట్టుకోలేదు. ఆ రాత్రి ఫోన్‌లో తేదీ చదివి వినిపించింది, రెండుసార్లు. తర్వాత దుబాయి నుంచి నాయనమ్మకు ఫోన్ చేసి, పెద్ద కొడుకుతో కాగితం మీద తేదీ చదివించి, "గ్రహణం ఎప్పుడు పట్టిందే?" అని అడిగాం. చాలాసేపు మాట్లాడలేదు. "నాకేమెరుక బిడ్డా, అందరన్నట్టే అన్న" అన్నది. ఆ తర్వాత గడప మాట ఆమె నోట రాలేదు.

ఎక్కువమంది పిల్లల్లో ఇది ఎందుకు వస్తదో ఇదీ అని ఒక్క కారణం చెప్పలేమని డాక్టరు చెప్పాడు. కొన్ని కుటుంబాల్లో ముందువాళ్ళకు ఉంటే తర్వాతివాళ్ళకు వచ్చే అవకాశం ఎక్కువ. తల్లి కూర్చున్న తీరుకు, బయటికి వచ్చినదానికి, బరువు ఎత్తినదానికి సంబంధం లేదు. ఈ మాట మీ ఇంట్లో మీరే చెప్పాలి. భార్య చెప్తే సాకు అనుకుంటారు, గల్ఫ్ నుంచి కొడుకు చెప్తే వింటారు. అది న్యాయం కాదు, కానీ మన ఇండ్లు అట్లనే ఉన్నాయి. ఉన్న మాట బలాన్ని ఆమె కోసం వాడండి.

ఇప్పుడు వైద్యం సంగతి. ఇది వివరంగా చెప్తాం.

పెద్ద ఆపరేషన్ ఏమీ లేదు. వారానికి ఒకసారి డాక్టరు బిడ్డ పాదాన్ని చేత్తో మెల్లగా, నొప్పి లేకుండా, కొంచెం సరైన వైపు తిప్పుతాడు. ఎంత తిరిగితే అంత. అక్కడే పట్టుకొని, వేళ్ళ నుంచి తొడ దాకా, మోకాలు మడిచి, పిండికట్టు వేస్తారు. మన సీలింగ్ పనిలో వాడే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ లాంటిదే, నిమిషాల్లో గట్టిపడుతది. వారం తర్వాత అది తీసి, ఇంకొంచెం తిప్పి, మళ్ళీ కట్టు. పసిబిడ్డ నరాలు, ఎముకలు మెత్తగా ఉంటాయి కాబట్టి వారం వారం సాగుతాయి. మామూలుగా ఐదు నుంచి ఏడు కట్లు. మా పాపకు ఆరు పడ్డాయి.

కట్లయినాక చాలామంది పిల్లలకు, పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి, మడమ వెనక నరం పొట్టిగా ఉండి మడమ కిందికి దిగదు. అక్కడ మత్తు సూది ఇచ్చి, చిన్న గాటుతో ఆ నరాన్ని కోస్తారు. కొన్ని నిమిషాల పని. ఆ మీద మూడు వారాల కట్టు. ఆ మూడు వారాల్లో నరం సరైన పొడవుతో మళ్ళీ అతుకుతది. అంతే. మాకు చెప్పిన రెండు లక్షల ఆపరేషన్ అసలే అవసరం పడలేదు.

చెప్పినంత సులువుగా జరిగిందా అంటే, లేదు. మా ఊరి నుంచి కరీంనగర్ రెండు బస్సులు. వారం వారం, బాలింత, ఎండాకాలం, చేతిలో బిడ్డ, సంకలో సంచి. కట్టు తీసే రోజు పొద్దున నానబెట్టి తీసుకురమ్మంటారు. నానిన పిండి చీర నిండా. కట్టు వేసినాక బిడ్డ వేళ్ళు చూస్తూ ఉండాలి. వేలు నొక్కితే తెల్లబడి వెంటనే ఎర్రబడాలి. నీలంగా ఉన్నా, వాచినా, వేళ్ళు కట్టు లోపలికి పోయినా వెంటనే దవాఖానకు పోవాలి. మూడో వారం ఒక కాలి వేళ్ళు లోపలికి పోయినయి, కట్టు జారింది. వారం ఆగకుండా మరునాడే పోయి మళ్ళీ వేయించుకొచ్చింది.

ఇంకొకటి ఎవరూ చెప్పనిది. స్నానం. మన ఇండ్లల్లో పసిబిడ్డకు రోజూ నూనె రుద్ది, కాళ్ళ మీద పడుకోబెట్టుకొని వేడినీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేస్తేనే స్నానం. కట్టు తడవద్దు. రెండు నెలలు తడిగుడ్డతో తుడవడమే. నాయనమ్మకు ఇది కాళ్ళ కంటే పెద్ద బాధ అయింది. "నీళ్ళు పోయని బిడ్డ ఎట్ల పెరుగుతదే" అని ఏడ్చింది. ఇరవై ఒకటో దినం తొట్లెల వేసేటప్పుడు బిడ్డకు రెండు కాళ్ళకూ తెల్లటి కట్లు. చుట్టాలు చూస్తారని పైన పట్టుపావడ కప్పమన్నారు ఎవరో. ఆమె కప్పలేదు. "చూడనియ్యండి, మందు నడుస్తున్నదని తెలుస్తది" అన్నది. ఆ వీడియో మా ఫోన్‌లో ఇంకా ఉంది.

దుబాయి నుంచి రావడం గురించి. మాకు లీవు ఆగస్టులో ఉంది. కంపెనీని అడిగి జూన్‌కు మార్పించుకున్నాం. మడమ నరం కోసే రోజుకు ఇద్దరం దవాఖానలో ఉన్నాం. పుట్టినప్పుడు రావడం కంటే ఈ వైద్యం మధ్యలో రావడమే ఎక్కువ పనికొచ్చింది. మీకు ఒక్కటే లీవు ఉంటే, తొట్లె ఫంక్షన్‌కు కాదు, ఈ వారాలకు రండి. బస్సులో బిడ్డను పట్టుకోవడానికి ఇంకో రెండు చేతులు ఉంటాయి.

ఖర్చు కూడా చెప్తాం, ఎందుకంటే అందరూ ముందు అదే అడుగుతారు. కట్లకు, నరం కోసినదానికి, బూట్లకు మా దగ్గర పైసలు తీసుకోలేదు. మాకు అయినవి బస్సు చార్జీలు, దారిఖర్చులు, ఆమె బీడీలు చేసుకునే కూలి పోయింది. అవి కూడా చిన్నవి కావు, కానీ అప్పు చేయాల్సినవి కావు.

ఇప్పుడు అసలు కష్టం చెప్తాం. కట్లు విప్పినాక పాదాలు చూస్తే మామూలు పిల్లల పాదాల లెక్కనే ఉన్నాయి. ఇల్లంతా సంబరం. అక్కడే అయిపోయిందనుకుంటారు అందరూ. కాదు. అక్కడే మొదలు.

పాదం మళ్ళీ లోపలికి తిరగాలనే చూస్తది. దాన్ని ఆపడానికి రెండు చిన్న బూట్లు, వాటి మధ్యలో ఇనుప కడ్డీ. వంకర ఉన్న పాదాలను బయటికి అరవై డెబ్బై డిగ్రీలు తిప్పి బిగిస్తారు. కడ్డీ పొడవు బిడ్డ భుజాల వెడల్పు. మొదటి మూడు నెలలు రోజుకు ఇరవై మూడు గంటలు వేసే ఉండాలి. ఆ తర్వాత రాత్రి నిద్రకు, పగటి నిద్రకు, నాలుగేళ్ళ వయసు దాటేదాకా.

మనకు తెలిసిన పనితో చెప్పాలంటే, స్లాబు పోసినాక షట్టరింగ్ విప్పినా కింద జాకీలు ఉంచుతాం కదా. స్లాబు నిలబడ్డట్టే కనిపిస్తది. అయినా జాకీలు తీయనియ్యం. తీస్తే ఏమైతదో మనకు తెలుసు. ఈ బూట్లు ఆ జాకీలు.

మొదటి నాలుగు రాత్రులు పాప నిద్రపోలేదు, ఎవరినీ పోనియ్యలేదు. లీవు అయిపోయి మళ్ళీ దుబాయి వచ్చేసరికి, ఇమోలో ఫోన్ ఎత్తగానే ఏడుపే వినపడేది. నాయనమ్మ జాలితో రాత్రి లేచి బూట్ల పట్టీలు విప్పేది. పొద్దున ఆమె చూసి మళ్ళీ కట్టేది. ఇద్దరికీ మాటలు పెరిగినయి. అప్పుడు దవాఖానలో బూట్లు ఇచ్చే అక్క చెప్పిన ఉపాయాలు పనిచేసినయి. రెండు కాళ్ళూ ఒకేసారి ఆడించాలని బిడ్డకు తెలియదు, మనం కడ్డీ పట్టుకొని రెండు కాళ్ళూ కలిపి ముడుస్తూ చాపుతూ ఆడిస్తే అలవాటు పడుతది. కడ్డీకి గుడ్డ చుట్టాలి, తల్లికి తగలకుండా, మంచానికి తగలకుండా. రోజూ ఒకే టైంకు వేయాలి. ఏడ్చినప్పుడు విప్పితే, ఏడిస్తే విప్పుతారని బిడ్డ నేర్చుకుంటది. చర్మం మీద ఎర్రగా అయితే పట్టీ లూజు చేయాలనిపిస్తది, కానీ మడమ బూటులో సరిగ్గా కూర్చోక రాపిడి అవుతున్నదేమో ముందు చూడాలి. పుండు పడితే మాత్రం డాక్టరుకు చూపించాలి.

నాయనమ్మను ఎట్లా ఒప్పించామంటే, ఆమెకే పని అప్పజెప్పాం. రాత్రి ఎనిమిదికి బూట్లు వేయడం ఆమె పని. ఆ పని తనదయినాక, ఎవరైనా విప్పమంటే ఆమే కయ్యానికి పోయేది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. పాపకు రెండేళ్ళు నిండబోతున్నాయి. అదే టైంలో బూట్లు చిన్నవైపోయినయి, వేళ్ళు ముందుకు వచ్చి అంచు మీద నుంచి కిందికి వంగుతున్నాయి. బస్సులు బంద్. దవాఖానలో కరోనా తప్ప ఇంకో మాట లేదు. ఇటు దుబాయిలో మేము క్యాంపు గదిలో ఉన్నాం. రోజులు గడుస్తుంటే పాదం మళ్ళీ తిరుగుతదేమోనని ఆమె రోజూ స్కేలు పెట్టి చూసేది.

డాక్టరుకు వాట్సాప్‌లో రాశాం. ఆయన ఫోన్ చేశాడు. ఈ బూట్లు ఊర్ల దొరికే తోలు, ఇనుముతోనే చేసే రకం, మంచి చెప్పులు కుట్టే మనిషి, వెల్డింగ్ మనిషి ఉంటే చేయొచ్చు, కొలతలు నేను చెప్తా అన్నాడు. దుబాయిలో గదిలో కూర్చొని, పాత డ్రాయింగ్ షీటు వెనక వైపు, సైటుకు గీసినట్టే గీశాం. పాదం పొడవు, వెడల్పు, మడమ దగ్గర ఎత్తు, కడ్డీ పొడవు, రెండు వైపులా డిగ్రీలు. ఆమె కొలిచి పంపిన అంకెలు, ఆయన చెప్పిన కోణాలు. ఫోటో తీసి ఊరికి పంపాం. మా ఊర్ల చెప్పులు కుట్టే పెద్దమనిషి పాత బూటు విప్పి, దాన్ని చూసి కొత్తది కుట్టాడు. మూతపడ్డ వెల్డింగ్ షాపు షట్టరు సగం ఎత్తి, కడ్డీ కోసి, రేకులు అతికించారు. మొదటిసారి ఒక వైపు కోణం తక్కువైంది. డాక్టరు వీడియోలో చూసి ఒద్దన్నాడు, మళ్ళీ చేశారు. ఇద్దరూ పైసలు తీసుకోలేదు. ఆ బూట్లు మే నెల చివర్లో బస్సులు నడిచి, దవాఖానలో కొత్తవి దొరికేదాకా పాప కాళ్ళకు ఉన్నాయి. డాక్టరుకు చూపించకుండా మేము ఒక్క మేకు కొట్టలేదు. మీరు కూడా సొంతంగా చేయొద్దు.

మాతోపాటే ఈ బాధ పడ్డ ఒక స్టీల్ ఫిక్సర్ తమ్ముడు మా సైటులో ఉండేవాడు. వాళ్ళ బాబుకూ కట్లతో మంచిగైంది. బాబు నడవడం మొదలుపెట్టగానే ఇంట్లోవాళ్ళు బూట్లు అటక మీద పెట్టేశారు. "నడుస్తున్నడు కదా, ఇంకేంది" అని. రెండేళ్ళు దాటేసరికి ఒక పాదం మళ్ళీ లోపలికి తిరిగింది. మళ్ళీ కట్లు, మళ్ళీ బూట్లు. అది కూడా మంచిగైంది, దేవుని దయ. కానీ నడిచే బాబుకు తొడ దాకా కట్టు వేస్తే ఇల్లు ఎట్లుంటదో అడిగితే అతను చెప్తాడు. పాదం తిరిగి మొదటికి రావడానికి ముఖ్యమైన కారణం బూట్లు మానేయడమే.

ఈ పద్ధతి కనిపెట్టిన ఆయన గురించి కొంచెం చెప్పాలి, ఆయన కూడా మనలాగ ఊరు వదిలినోడే. పేరు ఇగ్నాసియో పొన్సెటి. 1914లో స్పెయిన్ దేశంలో మెనోర్కా అనే దీవిలో పుట్టాడు. తండ్రి గడియారాలు బాగుచేసేవాడు. అక్కడ అంతర్యుద్ధంలో గాయపడ్డ సైనికులకు వైద్యం చేశాడు. తన పక్షం ఓడిపోయేసరికి దేశం వదలాల్సి వచ్చింది. ఫ్రాన్సు, మెక్సికో దాటి 1941లో అమెరికాలో అయోవాకు చేరాడు. చిన్నప్పుడు పాదాలకు పెద్ద ఆపరేషన్లు అయినవాళ్ళు పెద్దయినాక పాదాలు బిగుసుకొని నొప్పితో బాధపడడం చూసి, కోత లేకుండా మెల్లగా తిప్పే ఈ దారి పట్టాడు. చాలా ఏళ్ళు మిగతా డాక్టర్లు ఎక్కువగా పట్టించుకోలేదు. పట్టు వదలలేదు. తర్వాత తల్లిదండ్రులే ఒకరికొకరు చెప్పుకొని ఈ పద్ధతిని ముందుకు తెచ్చారు. 2009లో పోయాడు. అప్పటికి ప్రపంచమంతా ఆయన దారిలోకి వచ్చింది. పరాయి దేశంలో బతుకుతూ చేసిన పని మా ఊరి దాకా వచ్చింది.

ఇప్పుడు గుర్తుపెట్టుకోవాల్సినవి ఒకచోట రాస్తాం. స్క్రీన్‌షాట్ తీసుకోండి.

1. ఐదో నెల స్కాన్ రిపోర్టు ప్రతి పేజీ ఫోటో తీయించి తెప్పించుకోండి. ఇంగ్లీషు వచ్చినవాళ్ళతో చదివించండి. అర్థంకాని పదం ఉంటే డాక్టరును అడగమని చెప్పండి. "అంతా మంచిగుంది" అన్న మాట ఒక్కటే సరిపోదు.

2. బిడ్డ పుట్టగానే తల నుంచి పాదం దాకా చూపించమనండి. దాచొద్దని ఇంట్లో ముందే చెప్పి పెట్టండి.

3. వంకర పాదం ఉంటే మొదటి రెండు మూడు వారాల్లో పోవాలి. ఆలస్యమైందా, అయినా పోండి. కొంచెం పెద్ద పిల్లలకు కూడా ఈ పద్ధతి పనిచేస్తది, కట్లు ఎక్కువ పడతాయి. టైం దాటిపోయిందని ఇంట్లో కూర్చోవద్దు.

4. నాటు కట్లు, గట్టిగా గుంజడం ఒద్దు. పసిబిడ్డ ఎముక మెత్తది, తప్పు దిక్కు ఒత్తితే చెడిపోతది.

5. ఆశ వర్కర్‌ను, అంగన్‌వాడీ టీచర్‌ను, పీహెచ్‌సీని ఆర్బీఎస్‌కే గురించి అడగండి. జిల్లా దవాఖానల్లో ఇట్లాంటి పిల్లల కోసం డీఈఐసీ అనే సెంటర్లు ఉన్నాయి. పాదాలే కాదు, గుండె, పెదవి, కన్ను, చెవి దేనికైనా అడగండి. ఎవరైనా వెంటనే పెద్ద ఆపరేషన్ అంటే, ఒప్పుకునే ముందు ఇంకో డాక్టరుకు చూపించండి.

6. బూట్లు ఆపే తేదీ డాక్టరు చెప్పాలి. నాయనమ్మ కాదు, పక్కింటివాళ్ళు కాదు, మనమూ కాదు.

7. భార్యకు రోజూ ఫోన్ చేయండి. "కట్టు ఎట్లుంది?" అని అడిగే ముందు "నువ్వు తిన్నావా?" అని అడగండి. ఇది ఆమె చేర్పించిన లైను.

పాపకు నాలుగున్నర ఏళ్ళప్పుడు, 2022 చివర్లో, బూట్లు ఆపమన్నారు. ఇప్పుడు ఏడేళ్ళు. బడికి నడిచిపోతది, అన్నతో కలిసి పరుగెత్తుతది, కబడ్డీ ఆడి మోకాళ్ళు కొట్టుకొని వస్తది. అన్నీ మాయమైపోయినయని అబద్ధం చెప్పం. పిక్కలు మిగతా పిల్లల కంటే సన్నగా ఉంటాయి, అవి అట్లనే ఉంటాయని డాక్టరు ముందే చెప్పాడు. చాలా దూరం నడిస్తే కాళ్ళు గుంజుతున్నాయి అంటది. ఏడాదికి ఒకసారి చూపిస్తున్నాం. పోయినేడు బడిలో ఒక పిల్లవాడు "నీ కాళ్ళు కట్టెపుల్లలు" అన్నాడట. ఇంటికి వచ్చి అడిగింది. ఆమె తొట్లె నాటి వీడియో చూపించి, ఏమి జరిగిందో అంతా చెప్పింది. పాప మొత్తం చూసి, "మరి ఆ బూట్లు ఏవి?" అన్నది. బీరువాలో ఉన్నాయి. తీసి ఇస్తే మరునాడు బడికి పట్టుకపోయి అందరికీ చూపించిందట.

మేము డాక్టర్లం కాదు, మందులు చెప్పం. కానీ ఏ కాగితం పట్టుకొని ఎక్కడికి పోవాలి, అక్కడ ఏమి అడగాలి, బూట్లు ఎట్లా వేయాలి, ఇవి మాకు చేతనైనంత చెప్తాం. ఊర్ల ఆడవాళ్ళు నేరుగా ఆమెతో మాట్లాడొచ్చు, ఇప్పటికి ఇద్దరు ముగ్గురు తల్లులతో మాట్లాడుతున్నది. ఇక్కడివాళ్ళు రాత్రి తొమ్మిది తర్వాత మెసేజ్ పెట్టండి, డ్యూటీలో ఫోన్ చూడం. పేరు బయటపెట్టం. మీ గదిలో ఎవరైనా నాలుగు రోజుల నుంచి మాట్లాడకుండా ఉంటే ఈ పోస్టు అతనికి పంపండి.